అద్దం ఏ కూరకు, పరదా ఏ కూరకు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల మటన్ దుకాణమంటే చింతమొద్దు, ఇనుప కొక్కేలు, ఈగలు. నగరాల ఏసీ షాపుల్లోనేమో తెల్ల టైల్స్, స్టీలు బల్ల, అద్దాల ఫ్రిజ్. ఈ సొగసులో చాలా మటుకు రూలే. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు గోడకు కనీసం 5 అడుగుల దాకా టైల్స్ వంటి నీరు పీల్చని పూత, కొక్కేనికీ కొక్కేనికీ 30 సెంటీమీటర్ల ఎడం, 4-8 డిగ్రీల చల్లదనం అడుగుతయి. గట్టి కర్రదైతే మొద్దునూ కాదనవు. ఏ మాంసమో బోర్డు పెట్టాలె అంటయి.

మరి పెద్దకూర? పాలకూ దుక్కికీ పనికిరాని దున్నను, బర్రెను సర్టిఫికేటుతో కోయడానికి 1977 చట్టమే ఒప్పుకుంటుంది. అయినా ఆ కూరకు అద్దం రాదు, గోనెపట్టా పరదా వస్తుంది. బోర్డు పెడితే ఇన్‌స్పెక్టరు కంటే ముందు ఎవరొస్తరో అమ్మేటోనికి ఎరుకే. అంటరానితనం మూలాన్ని అంబేడ్కర్ 1948లో గొడ్డుమాంసం దగ్గర వెతికింది ఊరికే కాదు. దాచి అమ్మేచోట టైల్స్ ఎవరు వేస్తరు? వేయనీయకుండా చేసి, ఆనక అదే దుకాణాన్ని మురికి అంటరు.

శుభ్రత మన వాడలకు కొత్త కాదు. కూరను సన్నగ కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తునకలను దండెం మీద ఎడమెడంగా ఆరేసేది గాలి ఆడాలనే. ఆ 30 సెంటీమీటర్ల రూలు చేసే పనీ అదే.