రైలు ఫొటోలో పట్టాలు పాములా ఎందుకు మెలికలు తిరుగుతాయి?

వాట్సాప్‌లో ఏదో ఒక వింత రైలు ఫొటో తిరుగుతూనే ఉంటుంది. మెలికలు తిరిగిన పట్టాలు, నీళ్లలో తేలుతున్నట్టున్న ఇంజిను, స్టేషన్ గోడ పగలగొట్టుకుని వీధిలోకి తలకిందులుగా దిగిన రైలు. చాలామంది నవ్వుకుని పక్కవాళ్లకు పంపేస్తారు. "ఇది నిజమేనా? ఎందుకలా ఉంది?" అని ఆగి అడిగేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ఈ వింతల్లో కొన్నింటిని చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు. ధర్మవరం నుంచి కొత్తచెరువు, పెనుకొండల మీదుగా హిందూపురం పోయే లైను చాలు.

తిన్నగా ఉన్న పట్టాలు ఫొటోలో ఎందుకు వంకరపోతాయి?

చాలామంది లెన్సు మాయ అంటారు. అసలు కారణం మనం నిలబడ్డ దూరం. చాలా దూరం నుంచి, నేలకు దగ్గరగా ఉండి చూస్తే, కిలోమీటరు పొడవున్న పట్టా కంటికి బెత్తెడు పొడవుగానే కనిపిస్తుంది. పొడవు అంతగా కుంచించుకుపోతుంది గానీ, పట్టా పక్కకు జరిగిన వంపు అంతగా తగ్గదు. వంద మీటర్లలో మెల్లగా తిరిగిన చిన్న వంపు కూడా ఆ ఇరుకులో పాము మెలికలా తేలుతుంది. జూమ్ చేసే పనల్లా ఆ దూరపు దృశ్యంలోంచి చిన్న ముక్కను తీసి పెద్దది చేయడమే.

ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. పొడవాటి తాడును వరండాలో కొంచెం వంపుగా పరవండి. నిలబడి చూస్తే దాదాపు తిన్నగానే ఉంటుంది. ఒక చివర బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, తాడు వెంబడి చూడండి. వంపులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటపడతాయి.

మన లైనులో దీనికి ఇంకో కారణం తోడవుతుంది. ధర్మవరం సముద్ర మట్టానికి 400 మీటర్ల లోపే ఉంది, హిందూపురం 600 మీటర్లు దాటింది. అంటే బెంగళూరు వైపు పోయే బండి ఎక్కుతూనే పోవాలి. ఆ ఎత్తుపల్లాలు కూడా దూరపు ఫొటోలో అలల్లా కనిపిస్తాయి. పెనుకొండ కోట ఉన్న కొండ బోగీల నెత్తిన కూర్చున్నట్టు ఫొటో వచ్చిందంటే దానికీ ఈ దూరమే కారణం. స్టేషన్లలో పసుపు బోర్డుల మీద రాసే సముద్ర మట్టపు ఎత్తును వరసగా చదువుకుంటూ పొండి, బండి ఎంత ఎక్కిందో మీకే తెలుస్తుంది. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చే పని అదే.

ఎండాకాలంలో రైలు నీళ్ల మీద వస్తున్నట్టు ఎందుకు ఉంటుంది?

ఎండమావి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు కంకర రాళ్లు, పట్టాలు కాలిపోతాయి. వాటిని ఆనుకున్న గాలి వేడెక్కి పలచబడుతుంది, దాని పైనున్న గాలి కాస్త చిక్కగా ఉంటుంది. ఆకాశం నుంచి ఏటవాలుగా దిగే వెలుతురు ఆ పలచని గాలిని చేరేసరికి వంగి, మళ్లీ పైకి తిరిగి మన కంటికి వస్తుంది. వెలుతురు తిన్నగా వచ్చిందనుకునే మనకు ఆకాశపు ముక్క నేల మీద పరుచుకున్నట్టు, అంటే నీటి మడుగులా కనిపిస్తుంది. ఇంజిను హెడ్‌లైటు ఒకటి పైన, ఒకటి కింద రెండుగా కనిపించేది కూడా ఇందుకే. ఇది కంటి భ్రమ కాదు. కెమెరాకూ అలాగే పడుతుంది.

కిటికీలోంచి తీస్తే స్తంభాలు ఎందుకు వాలిపోతాయి?

సెల్‌ఫోన్ కెమెరా ఫొటో మొత్తాన్ని ఒక్కసారిగా తీయదు. మామూలుగా పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కో గీతనూ చదువుకుంటూ వస్తుంది. ఆ పనికి సెకనులో యాభయ్యో వంతు పట్టిందనుకుందాం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 20 మీటర్లు పోతుంది, ఆ కాస్త వ్యవధిలోనే 40 సెంటీమీటర్లు దాటేస్తుంది. స్తంభం తల ఒకచోట, మొదలు ఇంకోచోట నమోదవుతాయి. దగ్గరి స్తంభం బాగా వాలి, దూరపు కొండ నిలకడగా ఉండటంలో వింత లేదు. దగ్గరివే కంటిముందు వేగంగా జరిగిపోతాయి.

గోడలోంచి వేలాడే ఇంజిను ఫొటో నిజమేనా?

నిజమే. 1895 అక్టోబర్ 22న పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్‌లో జరిగింది. గ్రాన్విల్ నుంచి ఆలస్యంగా వస్తున్న ఎక్స్‌ప్రెస్ వేగం తగ్గకుండా స్టేషన్‌లోకి దూసుకొచ్చింది. బ్రేకు పని చేయలేదు. లైను చివరి అడ్డును దాటి, ముందు గోడను పగలగొట్టుకుని ఇంజిను కింది వీధిలో పడింది. బోగీల్లో ఉన్నవాళ్లు బతికారు గానీ వీధిలో ఉన్న ఒక మహిళ రాళ్లు పడి చనిపోయింది. ఇంజిను రోజుల తరబడి అలాగే ఉండిపోవడంతో తీరిగ్గా ఫొటోలు తీయగలిగారు. నవ్వుకుంటూ పంపే ముందు ఆ మనిషిని కూడా తలుచుకోవాలి.

ఇంజిను కూడా కనిపించనంతగా మనుషులు ఎక్కిన రైలు ఫొటోలు మరో రకం. "మన దేశపు రైలు" అని తిప్పేవాటిలో చాలావరకు బంగ్లాదేశ్‌వి, ఢాకా దగ్గర టోంగీలో జరిగే ఇజ్తెమా అనే ముస్లింల సమ్మేళనానికి వెళ్లివచ్చే బళ్లవి. ఎలా తెలుస్తుంది? పైన కరెంటు తీగ ఉందేమో చూడండి. అక్కడివి డీజిల్ బళ్లు. మన దగ్గర తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని తాకనక్కర్లేదు, బోగీ మీదికి ఎక్కి దగ్గరికి పోతే చాలు, ప్రాణం పోతుంది.

కల్పించిన ఫొటోను ఎలా పట్టుకోవాలి?

ఇప్పుడు కంప్యూటరే బొమ్మను అల్లేస్తోంది. ముఖ్యంగా మూడు చూడండి: ఒక్కో లైనుకు పట్టాలు రెండే ఉండి మధ్యలో ఎక్కడా తెగిపోకుండా సాగుతున్నాయా, చక్రాలు పట్టా మీదే ఉన్నాయా, స్టేషన్ బోర్డు మీది తెలుగు చదవడానికి వస్తోందా. మూడోదీ మంచి పరీక్షే, ఒత్తులూ గుణింతాలూ అక్కడ తడబడవచ్చు. అలాగని వింతగా ఉన్నదల్లా అబద్ధం కాదు. రేణిగుంట, అరక్కోణం మధ్యనున్న వెంకటనరసింహరాజువారిపేట బోర్డు నిజమైనదే. ఇంగ్లిషులో ఆ పేరుకు 28 అక్షరాలు. గుడినో ఆశ్రమాన్నో తలపించే స్టేషన్ ఫొటో వస్తే వెంటనే అనుమానపడొద్దు. అది కొత్తచెరువుకు పక్కనే, 2000లో మొదలైన సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ కావచ్చు.

మంచి ఫొటో ఎక్కడ నిలబడి తీయాలి?

ప్లాట్‌ఫామ్ మీద పసుపు గీతకు ఇవతల, లేదా పాదచారుల వంతెన మీద. అనుమతి లేకుండా పట్టాల మీదికి పోవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. పట్టాల పక్కన సెల్ఫీ తీసుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. సెల్ఫీ కెమెరా వెనకనున్న వస్తువును మన కన్ను చూసేదానికన్నా చిన్నదిగా, దూరంగా చూపిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. తెరలో ఎక్కడో ఉన్నట్టు కనిపించే ఆ ఇంజిను నిజానికి వంద మీటర్ల దూరంలో ఉంటే, మన దగ్గరికి రావడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు.