తుపాకీ గొట్టంలో సీసం ఎందుకు పేరుకుంటుంది?

చేవెళ్ల, మొయినాబాద్ హాస్టళ్ల నుండి ఎన్.సి.సి.లో చేరిన మేము .22 రైఫిల్ కాల్చడం నేర్చుకున్నాం. గుండ్లు చెదిరి పడితే చెయ్యి వణికిందనుకుంటాం. ఒక్కోసారి తప్పు చేతిది కాదు, గొట్టానిది!

గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులుంటాయి. గుండును తిప్పుతూ సూటిగా పంపేవి అవే. వాటిలో సీసం పేరుకుంటే గురి తప్పుతుంది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక రాపిడే కారణమని చాలామంది అనుకుంటారు. కానీ అసలు కిటుకు చాలాసార్లు కొలతలో ఉంటుంది. సైకిల్ పంపులో వాషర్ ఎండిపోతే గాలి పక్క నుండి పోతుంది కదా! అలాగే గుండు గొట్టం కన్నా సన్నగా ఉంటే, మందు మండిన వేడి వాయువు పక్కల నుండి దూరి, సీసాన్ని కోసి కరిగించి గొట్టానికి అతికిస్తుంది. అందుకే పోత గుండును మిల్లీమీటరులో నలభయ్యో వంతు లావుగా ఉంచుతారు. గుండుపై మైనం చాలకపోయినా, గొట్టం గరుకుగా ఉన్నా, మందు ఒత్తిడికి సీసం మరీ మెత్తనైనా ఇదే జరుగుతుంది. సాధారణంగా గుండు పెట్టే వైపు పేరుకుంటే కొలత తప్పు. మూతి వైపైతే మైనం తక్కువ.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సీసం విషం. రైఫిల్ తుడిచాక చేతులు సబ్బుతో కడిగాకే కంచం పట్టండి.