నైజీరియా పత్రికలు – రాష్ట్రాల ఎన్నికలు



ఈ పూట మనం చెప్పుకోబోయేది చాలా దూరపు దేశం సంగతి. ఆఫ్రికా ఖండానికి పడమటి వైపున ఉన్న నైజీరియాలో రాష్ట్రాల ఎన్నికలు వచ్చినప్పుడు దినపత్రికలు వాటిని ఎలా రాస్తాయి, ఎందుకు అలా రాస్తాయి, చదివేవాళ్లు దేన్ని పట్టుకుని నిజానిజాలు తేల్చుకోవాలి – ఇవీ విషయాలు.

అంత దూరపు ముచ్చట మనకెందుకు అని మీరు అనవచ్చు. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో ఉండి తెలుగు పత్రిక చదివే మీకు ఒక అనుభవం ఉంది. మీరు ఓటు వేసే రాష్ట్రం ఒకటి, మీ పత్రిక ముఖ్య కార్యాలయం ఉన్న రాష్ట్రం మరొకటి. మీ శాసనసభ ఎన్నిక మీకు పెద్ద విషయం. ఆ పత్రికకు చాలాసార్లు లోపలి పేజీలో చిన్న వార్త. పత్రిక తాను కూర్చున్న చోటు నుంచే లోకాన్ని చూస్తుందని మీకు మరొకరు చెప్పనక్కరలేదు. నైజీరియాలో ఆ చూపుతో పాటు కొన్నిసార్లు ప్రాణాలు కూడా ముడిపడి ఉన్నాయి.

ముందుగా ఆ దేశం తీరు కొంచెం తెలుసుకుందాం. నైజీరియా 1960 అక్టోబరు 1న బ్రిటిషు పాలన నుంచి స్వతంత్రమైంది. అప్పుడు అక్కడ మూడే ప్రాంతాలు – ఉత్తరం, పడమర, తూర్పు. ఉత్తరాన హౌసా, ఫులానీ జనం ఎక్కువ, పడమట యొరూబాలు, తూర్పున ఇగ్బోలు. తరువాత ఈ ప్రాంతాలు విడిపోతూ వచ్చి, 1996 నాటికి 36 రాష్ట్రాలయ్యాయి. రాజధాని అబుజా ప్రాంతం వేరు. అక్కడ గవర్నరు అంటే మన గవర్నరు వంటివాడు కాడు. ప్రజలు నేరుగా ఓటు వేసి ఎన్నుకునేవాడు. అధికారంలో మన ముఖ్యమంత్రితో పోల్చుకోవచ్చు. దేశానికి వచ్చే చమురు రాబడిలో రాష్ట్రం వాటా నెలనెలా ఆయన ప్రభుత్వానికి చేరుతుంది. అందుకే ఆ పదవికి అంత పోటీ.

ఇక పత్రికల సంగతి. అక్కడ పత్రికలూ రాజకీయాలూ ఒకే ఇంట్లో పెరిగాయి. నామ్‌డీ అజీకివే అనే నాయకుడు 1937లో లాగోస్ నగరంలో ‘వెస్ట్ ఆఫ్రికన్ పైలట్’ పత్రిక పెట్టారు. ఆయనే తరువాత దేశానికి తొలి అధ్యక్షుడయ్యారు. పడమటి ప్రాంతపు నాయకుడు ఒబాఫెమీ అవొలొవొ 1949లో ఇబాడాన్ నగరంలో ‘నైజీరియన్ ట్రిబ్యూన్’ పెట్టారు. ఉత్తరాదిలో 1939 నుంచే హౌసా భాషలో ‘గాస్కియా తా ఫి క్వాబో’ వచ్చేది. ఆ పేరుకు ‘కాసు కన్నా సత్యం మిన్న’ అని అర్థం. 1966లో ఉత్తర ప్రాంత ప్రభుత్వం కడూనాలో ‘న్యూ నైజీరియన్’ అనే ఇంగ్లీషు దినపత్రికను ప్రారంభించింది. చూశారా, ఒక్కో దిక్కుకు ఒక్కో పత్రిక, ఒక్కో పత్రిక వెనుక ఒక నాయకుడో ప్రభుత్వమో.

ఇలా ఉన్నప్పుడు ఎన్నిక వస్తే ఏమవుతుంది? 1951లో పడమటి ప్రాంత శాసనసభకు ఎన్నిక జరిగింది. కొందరు సభ్యులు ఏ పక్షం వారో స్పష్టంగా తేలలేదు. అజీకివే పక్షం వాళ్లు మెజారిటీ తమదే అన్నారు. అవొలొవొ పక్షం వాళ్లు కాదు, తమదన్నారు. ఎవరి పత్రిక వారి మాట చెప్పింది. 1952 జనవరిలో సభ కూడినప్పుడు చాలామంది అవొలొవొ వైపు చేరడంతో ఆ పక్షమే అధికారంలోకి వచ్చింది. అది ఫిరాయింపా, మొదటి నుంచీ వాళ్లు ఆ వైపు వాళ్లేనా అన్న వాదన మాత్రం దశాబ్దాలు నడిచింది.

అసలు ప్రమాదం 1965లో వచ్చింది. ఆ అక్టోబరులో మళ్లీ పడమటి ప్రాంతంలోనే ఎన్నిక. అప్పటి ప్రాంతీయ ప్రధాని సామ్యూల్ అకింటోలా. ఇబాడాన్ ఊళ్లో అవొలొవొ పత్రిక ‘ట్రిబ్యూన్’ ఒకవైపు. ప్రాంతీయ ప్రభుత్వం 1964లో పెట్టిన ‘డైలీ స్కెచ్’ మరోవైపు. పోలింగు అక్రమాలతో నిండిపోయింది. ప్రభుత్వం తానే గెలిచానని ప్రకటించింది. ప్రతిపక్ష నాయకుడు అదెగ్‌బెన్రో తన దగ్గరున్న లెక్కల ప్రకారం తామే గెలిచామని ప్రకటించి అరెస్టయ్యారు.

రేడియో శ్రోతలకు ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. అకింటోలా విజయ ప్రసంగం టేపు ఇబాడాన్ రేడియోలో ప్రసారం కావలసిన సమయానికి ఒక యువకుడు తుపాకీతో స్టూడియోలోకి వచ్చి, ఆ టేపు తీయించి వేరే టేపు పెట్టించాడు. అందులో అకింటోలాను గద్దె దిగి వెళ్లమన్న మాటలున్నాయి. ఈ కేసులో రచయిత వోలే షోయింకాను పట్టుకుని విచారించారు. కోర్టు ఆయనను విడుదల చేసింది. 1986లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే.

రెండు లెక్కలు, ఇద్దరు విజేతలు. ఏది నిజమో తేల్చే మూడో మనిషి లేడు. ఇళ్లు తగలబడ్డాయి, మనుషుల మీద పెట్రోలు పోసి నిప్పంటించారు. 1966 జనవరి 15న సైన్యంలోని ఒక వర్గం తిరగబడింది. దేశ ప్రధాని బలేవా, అకింటోలా, ఉత్తర ప్రాంత ప్రధాని అహ్మదు బెల్లో హతులయ్యారు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో జనం నమ్మే ఒక్క లెక్క లేకపోవడం ఒకటి.

ఇక మన కాలానికి వద్దాం. సైనిక పాలన ముగిసి 1999లో ప్రజాపాలన వచ్చింది. పెద్ద ఇంగ్లీషు దినపత్రికల్లో చాలావాటి కార్యాలయాలు నైరుతి మూలన లాగోస్‌లోనూ, దాని పరిసరాల్లోనూ ఉన్నాయి. అందుకే ఉత్తరాది వాళ్లు వాటిని ‘లాగోస్–ఇబాడాన్ పత్రికలు’ అని కాస్త ఎత్తిపొడుపుగా అంటారు. అబుజా నుంచి వచ్చే ‘డైలీ ట్రస్ట్’ ఉత్తరాది గొంతుగా పేరు తెచ్చుకుంది. పత్రిక కొనలేని వాళ్లు పొద్దున్నే పత్రికల బల్ల దగ్గర గుమిగూడి, శీర్షికలు చదివి, అక్కడే వాదించుకుంటారు. వాళ్లను సరదాగా ‘ఫ్రీ రీడర్స్ అసోసియేషన్’, అంటే ఉచిత పాఠకుల సంఘం అంటారు. వాళ్లలో చాలామందికి వార్త అంటే మొదటి పేజీ శీర్షికే. కనుక ఆ శీర్షికకు ఉన్న బలం పత్రిక అమ్మకాల లెక్కకు అందదు.

రాష్ట్ర ఎన్నికలు పత్రికల్లో రెండు రకాలుగా కనిపిస్తాయి. 2023 మార్చి 18న ఒకే రోజు 28 రాష్ట్రాల్లో గవర్నరు ఎన్నికలు జరిగాయి. అలాంటప్పుడు లాగోస్ వంటి పెద్ద రాష్ట్రాలకు పేజీలు దక్కుతాయి, చిన్న రాష్ట్రాలకు నాలుగు వాక్యాలు మిగులుతాయి. మిగిలిన ఎనిమిది రాష్ట్రాల ఎన్నికలు వేరువేరు తేదీల్లో వస్తాయి. దీనికి కారణం కోర్టు తీర్పులు. ఉదాహరణకు అనంబ్రా రాష్ట్రంలో 2003 ఎన్నికలో నెగ్గింది పీటర్ ఓబీ అని కోర్టు 2006లో తేల్చింది. ఆయన నాలుగేళ్లూ ఆ రోజు నుంచే లెక్కపెట్టాలని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో అక్కడి ఎన్నికల తేదీ మారిపోయింది. ఇలా ఒక్క రాష్ట్రమే ఓటు వేసే రోజున దేశంలోని విలేఖరులంతా అక్కడే దిగుతారు. మారుమూల ఊరి పోలింగు కూడా మొదటి పేజీకి ఎక్కుతుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. ప్రభుత్వ ప్రకటనలు, నాయకులకు నిండు పేజీ అభినందనలు పత్రికలకు పెద్ద ఆదాయం. విలేఖరుల సమావేశంలో చేతిలో పెట్టే డబ్బుకు అక్కడ ‘బ్రౌన్ ఎన్వలప్’, అంటే గోధుమరంగు కవరు అనే పేరుంది. వద్దని తిప్పికొట్టే విలేఖరులూ ఉన్నారు. కానీ ఆ కవరుకు ఒక పేరంటూ స్థిరపడిందంటే అలవాటు ఎంత ముదిరిందో ఊహించుకోండి.

ఇప్పుడు లెక్కింపు ఎలా జరుగుతుందో చూద్దాం. మన దగ్గర అన్ని చోట్ల ఓట్లనూ ఒక కేంద్రానికి తెచ్చి లెక్కపెడతారు. నైజీరియాలో పోలింగు ముగియగానే అక్కడే, జనం ఎదుటే, బిగ్గరగా లెక్కపెడతారు. ఆ అంకెలు ‘ఇ.సి. 8–ఎ’ అనే కాగితం మీద రాసి సంతకాలు చేస్తారు. ఆ కాగితాల్లోని అంకెలను వార్డులో కూడుతారు, తరువాత స్థానిక ప్రభుత్వ ప్రాంతంలో, చివరికి రాష్ట్ర కేంద్రంలో. గెలుపు ప్రకటించే అధికారం ఎన్నికల సంఘానిదే. 2021లో దేశం మొత్తం మీద 1,76,846 పోలింగ్ కేంద్రాలు ఉన్నాయి. ఏ పత్రికా అన్నిచోట్లా మనిషిని పెట్టలేదు. కాబట్టి ఆ రాత్రి పత్రిక వేసే అంకె పోలింగ్ కేంద్రానిదా, వార్డుదా, పార్టీ వాళ్లు చెప్పినదా, ఎన్నికల సంఘం ప్రకటించినదా అన్నదే కీలకం.

ఒసున్ రాష్ట్రం సంగతి వినండి. 2018 సెప్టెంబరు 22న గవర్నరు ఎన్నిక జరిగింది. ప్రతిపక్ష అభ్యర్థి అదెలెకెకు 2,54,698 ఓట్లు, పాలకపక్ష అభ్యర్థి ఒయేతోలాకు 2,54,345 ఓట్లు వచ్చాయి. తేడా 353. అయితే ఏడు పోలింగ్ కేంద్రాల ఓటింగు లెక్కలోకి రాలేదు. అక్కడి ఓటర్లు 3,498 మంది. కనుక ఫలితం తేలలేదని ఎన్నికల సంఘం ప్రకటించింది. ఇదే అంకెతో ‘అదెలెకె ముందంజ’ అని రాయవచ్చు, ‘ఎన్నిక తేలలేదు’ అని కూడా రాయవచ్చు. రెండూ అబద్ధం కావు. కానీ బల్ల దగ్గర నిలబడి చదివే మనిషి రెండు వేరు కథలతో ఇంటికి వెళతాడు.

ఐదు రోజుల తరువాత ఆ ఏడు చోట్ల మళ్లీ ఓటింగు పెట్టారు. ఓటర్లను బెదిరించారని, విలేఖరులనూ పరిశీలకులనూ ఇబ్బంది పెట్టారని విదేశీ పరిశీలకులు ప్రకటన చేశారు. విలేఖరి నిలబడలేని చోట పత్రికకు మిగిలేది ఎవరో చెప్పిన మాటే. చివరికి ఒయేతోలా 482 ఓట్ల తేడాతో గెలిచినట్టు ప్రకటించారు. కోర్టుల్లో తీర్పులు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి, 2019 జూలైలో సుప్రీంకోర్టు ఒయేతోలా వైపే తేల్చింది.

2020 నుంచి ఒక మార్పు వచ్చింది. పోలింగ్ కేంద్రం కాగితాన్ని ఫోటో తీసి అందరూ చూసేలా కంప్యూటరు ద్వారా బయట పెట్టడం మొదలైంది. 2022 జూలై 16న ఒసున్‌లో అదే ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. ఈసారి కాగితాలు బయట ఉండటంతో విలేఖరులు, మామూలు జనం కూడా అంకెలు సరిచూసుకోగలిగారు. అదెలెకెకు 4,03,371, ఒయేతోలాకు 3,75,027 ఓట్లు. ఈ గెలుపు మీద కూడా దావా నడిచింది. కింది ట్రిబ్యునల్ కొట్టేసినా, 2023 మేలో సుప్రీంకోర్టు అదెలెకె గెలుపునే ఖాయం చేసింది.

అయితే ఫోటో ఒక్కటే అన్నిటికీ మందు కాదు. 2023 ఫిబ్రవరి అధ్యక్ష ఎన్నికలో ఆ కాగితాలు సకాలంలో కనబడలేదు. జనంలో అనుమానం మళ్లీ పెరిగింది. కాగితం ఆలస్యమైన ప్రతి గంటా పుకారుకు బలమే.

శ్రోతలారా, నైజీరియా అనుభవం మనకు మూడు ప్రశ్నలు నేర్పుతుంది. ఈ పత్రిక ఎక్కడ కూర్చుని రాస్తోంది? దీని యజమాని ఎవరు? ఈ అంకె ఏ మెట్టు మీది అంకె? మొదటి రెండూ తెలిస్తే పత్రిక ఎటు మొగ్గుతుందో అర్థమవుతుంది. మూడోది తెలిస్తే వార్త నిజమెంతో అర్థమవుతుంది. 1965లో ఇబాడాన్ పాఠకుడికి ఈ మూడో ప్రశ్నకు జవాబు చెప్పే కాగితం అందుబాటులో లేదు. ఒసున్ పాఠకుడికి 2022లో అది దొరికింది.

ఈసారి మీ ఊళ్లో ఎన్నికలొచ్చినప్పుడు, సరిహద్దుకు ఆవలి పత్రికా, ఈవలి పత్రికా పక్కపక్కన పెట్టుకుని చదవండి. శీర్షికలు కలవకపోతే కంగారు పడకండి. అంకెలు కలవకపోతే మాత్రం, అవి ఎక్కడి నుంచి వచ్చాయో అడగండి.