పోటీ లేని పోటీ

2022 ఫిబ్రవరి 23న ఉదయగిరికి జనం పోటెత్తారు. మేకపాటి వారి ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో మంత్రి గౌతమ్‌రెడ్డి అంత్యక్రియలు. రెండు రోజుల ముందు గుండెపోటు ఆయన్ని హఠాత్తుగా తీసుకెళ్లింది. పక్కనే ఉన్న ఆత్మకూరు సీటు ఖాళీ అయింది.

మెట్ట ప్రాంతానికి ఉప ఎన్నికలు కొత్త కాదు. 2012 జూన్‌లో ఉదయగిరిలో గౌతమ్ బాబాయి చంద్రశేఖర్‌రెడ్డి కాంగ్రెస్‌ను వీడి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నిలిచి గెలిచారు. అదే రోజు తండ్రి రాజమోహన్‌రెడ్డికి నెల్లూరు లోక్‌సభ పోరు. అది హోరాహోరీ రాజకీయం.

పదేళ్ల తర్వాత ఆత్మకూరులో అసలు ఆ వేడే లేదు. పోయినవారి ఇంట్లోవాళ్లు నిలబడితే పోటీ పెట్టబోమంటూ తెలుగుదేశం తప్పుకుంది. వారసత్వానికి తాము వ్యతిరేకమంటూ బీజేపీ భరత్‌కుమార్‌ను దింపింది. జూన్ 23న పోలింగ్. 2019లో 80 శాతం దాటిన చోట ఈసారి సుమారు 64 శాతమే. గౌతమ్ తమ్ముడు విక్రమ్‌రెడ్డికి 82,888 ఓట్ల మెజారిటీ వచ్చింది. మిగతా అందరి డిపాజిట్లూ గల్లంతు. అన్నకు 2019లో వచ్చింది 22 వేల పైచిలుకే.

సానుభూతి ఉంది, కాదనలేం. కానీ ఇంట్లోనే ఉండిపోయిన ఓటరు మాటేమిటి? గుర్తుకు అలవాటుపడ్డ చెయ్యి, ఆ గుర్తు లేకపోతే బూత్ దాకా ఎందుకు వెళ్తుంది?

2024లో ఆ గుర్తు తిరిగొచ్చింది. తెలుగుదేశం అభ్యర్థి ఆనం రామనారాయణరెడ్డి అదే విక్రమ్‌రెడ్డిని ఓడించారు. ఉదయగిరి కూడా మేకపాటి వారి చెయ్యి జారింది.