ఏ ఊరి ఎండకు ఏ ఆవు?



కోలారు వైపు సంతలో నలుపు తెలుపు ఆవును చూసి, బళ్లారికి తోలుకుపోదామనుకుంటున్నారా? బ్యాంకు అప్పు కాగితాల మీద సంతకం పెట్టకముందే ఒక మాట వినండి.

మనం సీమావు అనీ, కన్నడంవారు సీమె హసు అనీ పిలిచే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ పుట్టిల్లు హాలండు ప్రాంతం. దానికి 5 నుంచి 25 డిగ్రీల మధ్య హాయి. కోలారు, హోసూరు సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉన్నాయి. రాత్రులు చల్లబడతాయి కనుక అక్కడ నెట్టుకొస్తుంది. బళ్లారి వేసవిలో ఎండ 40 దాటుతుంది. ఆవు కడుపు ఒక పొయ్యి అనుకోండి. మేత పులిసి అరిగేటప్పుడు వేడి పుడుతుంది. ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ తింటుంది, అంత వేడీ పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే మేత మానుకుంటుంది, పాలు తగ్గుతాయి. అంతకన్నా పెద్ద నష్టం, ఎద సరిగా కనబడదు, సూది వేయించినా చూడి నిలవదు. పాలు తగ్గాయని బ్యాంకువారు కంతు ఆపరు కదా!

మూపురమున్న మన జాతులకు చర్మం వదులు, వెంట్రుక పొట్టి, చెమట బాగా పడుతుంది. పిడుదులనూ తట్టుకుంటాయి. అయితే దేశవాళీ ఆవులన్నీ పాడి ఆవులు కావు. హళ్లికార్ పేరు నిలిపింది ఎద్దులే. పాలకు గిర్, సాహివాల్, రెడ్ సింధీ మేలు. బీదరు, లాతూరు వైపు వారికి దేవణి ఉండనే ఉంది, అటు పాడికీ ఇటు సేద్యానికీ.

చిన్న రైతుకు నా ఓటు జెర్సీ సంకరానికే. ఒళ్లు చిన్నది, మేత తక్కువ, పాలలో వెన్న ఎక్కువ. డెయిరీ వారు వెన్న శాతం చూసే కదా డబ్బిచ్చేది.

సంకర ఆవుల్లో సీమ రక్తం సగం నుంచి 62.5 శాతం దాకా ఉంటే మన ఎండకు సరిపోతుంది. సగం రక్తమున్న ఆవుకు మళ్లీ అసలు సీమ ఆబోతు సూదే వేయిస్తే పెయ్యకు 75 శాతం, దాని పెయ్యకు 87.5 శాతం అవుతుంది. తల్లి తట్టుకున్న ఎండకు మనవరాలు కూలబడుతుంది. అందుకే సూది వేసే ఆయనను ఏ ఆబోతుదో అడగండి, చీటీ రాయించుకోండి.

వేసవిలో కొనేటట్లయితే పొద్దున పాలు పితికేటప్పుడు చూసి ఊరుకోవద్దు. అమ్మేవారి కొట్టానికి మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లండి. నీడలో కట్టేసినా నోరు తెరిచి, చొంగ కారుస్తూ రొప్పుతుంటే, ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ పలుపు పట్టుకోవద్దు.