ప్లగ్గు కొనేటప్పుడు ధర గాదు, నెంబర్ సూడుండ్రి

కారుకు రీమ్యాప్ కొట్టించిన పోరగాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఒకటే. "అన్నా, ఇరిడియం ప్లగ్గులు ఎయ్యమంటవా? పికప్ పెరుగుతదంట గదా!" సెల్లుల వీడియోలు సూసి అడుగుతరు. దుకాణంల గూడ అదే జెప్తరు, ఖరీదు ప్లగ్గు మీద మిగిలేది ఎక్కువ మరి.

ప్లగ్గు పవర్ పుట్టియ్యది. దానికి రెండే పనులు. పెట్రోలు, గాలి కలిసినంక టైముకు నిప్పు పెట్టుడు ఒకటి. మంటల నుంచి దాని ముక్కుకు తాకిన ఉడుకును చూడీల మీదికెల్లి ఇంజన్ హెడ్డుకు, ఆడికెల్లి కూలెంట్ నీళ్లకు పంపుడు రెండోది. ఇంజన్‌ను మార్చినోళ్లు మొదటి పని గురించే ఆలోచిస్తరు. ఇంజన్ పోయేది మాత్రం రెండో పని దగ్గర. (మన ఊర్లల్ల తిరిగే డీజిల్ బొలెరోలకు స్పార్క్ ప్లగ్గే ఉండది. గీ ముచ్చటంత పెట్రోలు, గ్యాసు బండ్లది.)

ప్లగ్గు ముక్కు సుమారు 450 డిగ్రీల నుంచి 850 డిగ్రీల నడుమ ఉండాలె. 450 కన్న తక్కువైతే మసి కాలిపోదు, పేరుకపోయి మిస్సింగ్ కొడ్తది. మరీ ఉడుకెక్కితే ముక్కు నిప్పుకణం లెక్క ఎర్రగైతది. అప్పుడు స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటది. పిస్టన్ ఇంక పైకి వస్తుండగనే మంట దాన్ని కిందికి నూకుతది. గిట్ల పిస్టన్ నడుమ తూటు పడ్డ ఇంజన్‌ను నేను సూసిన. ఇంజన్ దించి, విప్పి, బోరు సూపిచ్చి మళ్ల కూర్చేదాక కారు షెడ్డులనే ఉంటది, కిస్తీలు మాత్రం ఆగవు.

గా ఉడుకు లెక్కనే హీట్ రేంజ్ అంటరు. ముక్కు పింగాణి పొడుగుంటే ఉడుకు బయటికి పోయేటందుకు దూరం ఎక్కువ, అది హాట్ ప్లగ్గు. పొట్టిగుంటే జల్ది పోతది, అది కోల్డ్ ప్లగ్గు. ప్లగ్గు మీద రాసిన నెంబర్ల ఇది ఉంటది. ఈడనే మస్తు మంది బోల్తా కొడ్తరు. ఎన్‌జీకే, డెన్సో కంపెనీలల్ల నెంబర్ పెరిగితే కోల్డ్. బాష్‌ల ఉల్టా, నెంబర్ పెరిగితే హాట్. ఎన్‌జీకేల 6 తీసి 7 ఏస్తే కోల్డ్ దిక్కు పోయినట్టు. గదే లెక్కన బాష్‌ల 7 తీసి 8 ఏస్తే ఇంజన్‌ను పొయ్యిల పెట్టినట్టే.

మరి ఎంత మార్చాలె? ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మాత్రమే మార్చినోళ్లు కంపెనీ ప్లగ్గే ఉంచుకోండ్రి. టర్బో బండికి బూస్ట్ పెంచితే ఒక్క మెట్టు కోల్డ్. ట్యూనింగ్ చేసేటోళ్ల మోటు లెక్క ఒకటుంది. 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు. మన సిన్న టర్బో కార్లకు రీమ్యాప్‌తోని గంత పెరగది, అందుకే ఒక్క మెట్టే దండి. "రేసింగ్ ప్లగ్గు" అని రెండు మూడు మెట్లు కోల్డ్ ఏసుకొని బజార్ల మెల్లగ తిరిగితే మసి పట్టుడు ఖాయం.

తర్వాత గ్యాప్. బూస్ట్ పెరిగితే సిలిండర్ల గాలి గట్టిగ వత్తుకుంటది, స్పార్క్ దునకాల్నంటే ఎక్కువ వోల్టేజీ కావాలె. 1.1 మిల్లీమీటర్ల గ్యాప్ ఉన్న ప్లగ్గును బూస్ట్ బండ్లకు 0.7, 0.8 దాక తగ్గిస్తరు. ఉత్తప్పుడు మంచిగుండి, ఘాటు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడ్తుందంటే ముందుగాల గ్యాప్ సూడుండ్రి. సీఎన్‌జీ కిట్ ఏసినోళ్లకు గూడ ఇదే ముచ్చట, గ్యాసుకు నిప్పు అంటాల్నంటే వోల్టేజీ ఎక్కువ గావాలె. గ్యాప్ పెద్దగుంటే కాయిల్ మీద బరువు పడ్తది. టాక్సీ నడుపుకొని బతికే తమ్ముళ్లు కిట్ ఏసేటోళ్లు జెప్పిన గ్యాప్ పెట్టుకోవాలె, కిట్ ఏసిన సంగతి ఆర్‌సీల ఎక్కించుకోవాలె.

ఇగ ఇరిడియం. దాని కొస సూది లెక్క సన్నగుంటది, తక్కువ వోల్టేజీతోనే స్పార్క్ ఇస్తది, 2,400 డిగ్రీల దాక కరగది, ఏండ్లకేండ్లు నడుస్తది. మంచిదే. కని లోహం వేరు, హీట్ రేంజ్ వేరు. తప్పు నెంబర్ ఇరిడియం కన్న సరైన నెంబర్ నికెల్ ప్లగ్గు నయం. ట్యూనింగ్ ఇంక నడుస్తున్నప్పుడు నికెలే నయమంట నేను. మాటిమాటికి తీసి సూడొచ్చు, గ్యాప్ మార్చొచ్చు, పాడైతే పారేయొచ్చు. ఇరిడియం కొసను గేజ్‌తోని వత్తితే ఇరుగుతది.

చూడీల పొడుగు మాత్రం మార్చొద్దు. పొడుగైతే పిస్టన్‌కు తాకుతది. పేరుల 'ఆర్' ఉన్న, రెసిస్టర్ ప్లగ్గే తీసుకోండ్రి, లేకుంటే ఈసీయూకు, సెన్సార్లకు అడ్డం తగుల్తది.

ఏసినంక హైవే మీద జర గట్టిగ నడిపి, ఇంజన్ పూర్తిగ సల్లారినంక విప్పి సూడుండ్రి. ముక్కు లేత గోధుమ రంగుంటే కుదిరినట్టు. నల్లగ పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేకుంటే ప్లగ్గు మరీ కోల్డ్. తెల్లగై బొబ్బలెక్కితే బండి ఆపి ట్యూన్ చేసినోన్ని పట్టుకోండ్రి. పింగాణి మీద మెరిసే సన్న సుక్కలు కనవడ్తే అది పిస్టన్ అల్యూమినియం, గా కారును మళ్ల స్టార్టే చెయ్యొద్దు.