మూసీనది – పాతవంతెన

శరదృతువు అనగానే నిర్మలమైన ఆకాశమూ, తేటపడిన నదీజలాలూ మనకు స్ఫురిస్తాయి. కాని 1908వ సంవత్సరం సెప్టెంబరు 28వ తేదీన, ఆశ్వయుజ మాసపు తొలిదినాలలో, హైదరాబాదు ప్రజలు చూచిన మూసీనది రూపం వేరు.

అనంతగిరి కొండలలో పుట్టి, సామాన్యంగా సన్నని పాయగా నగరమధ్యం నుండి సాగిపోయే ఈ నది, ఆనాడు గట్లు దాటి వీధులను ముంచివేసినది. సుమారు 15,000 మంది అసువులు బాసినారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి దాదాపు 150 మంది బ్రతికి బయటపడినారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ వృక్షాన్ని ఇప్పటికీ కొందరు భక్తితో తలచుకుంటారు.

నదిపైనున్న ఇతర వంతెనలు కొట్టుకొని పోయినవి. పురానాపూల్ మాత్రం నిలిచినది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో కట్టిన ఈ రాతివంతెన, 1591లో వెలసిన నగరంకంటె 13 ఏండ్లు పెద్దది. వంతెనకు ఆవల గోలకొండ. ఈవల, తరువాతి కాలంలో, చార్మినారు. బలమైన కమానుల మీద నిలిచి, వాటి నడుమ నుండి నీటికి దారి ఇవ్వడమే దాని తత్త్వం.

ఇంతటి ఉపద్రవానికి కారణమేమి? అసాధారణ వర్షంతో ఎగువన రెండువందలకు పైగా చెరువులు తెగినవి. ఒకదాని నీరు మరొకదానిపై పడగా, ఆ జలరాశి అంతా ఒక్కుమ్మడిగా నగరంమీదికి దూకినది. 1909లో నిజాము ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరాన్ని రక్షించే ఉపాయాన్ని ఎగువనే వెదకినారు. మూసీపైన, దాని ఉపనది ఈసీపైన జలాశయాలు కట్టి వరదను అక్కడనే ఆపవలెనన్నారు. ఆ సూచన ఫలితమే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. ముంచిన నీరే తరువాత నగరానికి త్రాగునీరైనది.

అయితే జలాశయాలున్నవని ధీమా చాలదు. చెరువులు పూడ్చి, నదీగర్భంలో ఇండ్లు కట్టుకున్న నగరానికి 2020 అక్టోబరు వరద ఆ పాత పాఠాన్నే మరల చెప్పినది. నదికి నదిచోటు విడువనివారు తమచోటు నిలుపుకొనలేరు.

విద్యార్థులను విహారయాత్రకు తీసికొనిపోయే ఉపాధ్యాయులు చార్మినారుతోపాటు పురానాపూల్‌ను కూడ చూపవలెను. కమానుల క్రింద పారే నీటిని చూపి, ఈ వంతెన ఎందుకు నిలిచినదో పిల్లలనే అడుగవలెను.